ప్లెయిన్స్ ఊరి సండే స్కూలు మేష్టారు

నాలుగేళ్లు అమెరికా అధ్యక్షుడు, సుమారు నాలుగు దశాబ్దాలు పల్లెటూరి బాప్టిస్టు సంఘంలో మామూలు సభ్యుడు. జిమ్మీ కార్టర్ కన్నుమూసినప్పుడు ప్రపంచమంతా ఆ నాలుగేళ్ల గురించే మాట్లాడుకుంది. ఆయన సొంతూరు మాత్రం రెండోదాన్ని తలుచుకుంది.

2015 ఆగస్టు 23, ఆదివారం. ఇంకా తెల్లారలేదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, ప్లెయిన్స్ అనే చిన్న ఊరి చివర, పీకాన్ చెట్ల మధ్య ఒక ఇటుకల చర్చి ఉంది. దాని ముందు కార్లు బారులు తీరాయి. కొందరు ముందురోజు రాత్రే వచ్చి కార్లలోనే కునుకు తీశారు. భద్రతా సిబ్బంది కుక్కలతో వాసన పట్టిస్తూ ఒక్కో సంచీ తనిఖీ చేస్తున్నారు. సంఘంలోని పెద్దావిడలు వచ్చినవాళ్లను వరుసలో నిలబెట్టి నియమాలు చెబుతున్నారు. చప్పట్లు కొట్టకూడదు. ఫొటో కావాలంటే ఆరాధన పూర్తయ్యేదాకా కూర్చోవాలి.

అంతకు మూడు రోజుల ముందు అట్లాంటాలో జీన్స్ ప్యాంటు, కోటు వేసుకుని విలేకరుల ముందు కూర్చున్న కార్టర్, క్యాన్సర్ మెదడుకు పాకిందని చెప్పారు. గొంతు వణకలేదు. ఆ రోజే మొదటి రేడియేషన్ చికిత్స చేయించుకున్నారు. తొంభై దాటి తొంభై ఒకటికి దగ్గరపడుతున్న మనిషి. ఆదివారం ఇంటిపట్టున ఉండిపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. ఆయన మాత్రం వేళకు వచ్చి, నవ్వుతూ, ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగారు: మీరంతా ఎక్కడినుంచి వచ్చారు? వరుసలవారీగా రాష్ట్రాల పేర్లు, దేశాల పేర్లు వినిపించాయి. ఆ రోజు పాఠం ప్రేమ గురించి.

వచ్చినవాళ్లు దాదాపు 700 మంది. చర్చిలో అంతమంది పట్టరు. మిగిలినవాళ్లను ఊళ్లో పాత హైస్కూలు భవనంలో కూర్చోబెట్టారు. చర్చిలో పాఠం అయిపోగానే కార్టర్ అక్కడికి వెళ్లి, అదే పాఠం మళ్లీ మొదటినుంచీ చెప్పారు.

2024 డిసెంబరు 29న ఆయన పోయారు. అప్పటికి వయసు 100. 2025 జనవరి 9న వాషింగ్టన్ నేషనల్ కెథెడ్రల్‌లో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియల ఆరాధన జరిగింది. బతికున్న అయిదుగురు అధ్యక్షులూ, మాజీ అధ్యక్షులూ ఒకే చోట కూర్చున్నారు. టీవీలు దాన్నే చూపించాయి. అదే సాయంత్రం ప్లెయిన్స్‌లోని ఆ ఇటుకల చర్చిలోనే, అంటే మారనాతా బాప్టిస్టు చర్చిలో, రెండో ఆరాధన జరిగింది. తర్వాత ఇంటి ఆవరణలో, భార్య రోజలిన్ సమాధి పక్కనే ఆయన్ను పూడ్చారు.

శనక్కాయల ఊరు

అనంతపురం జిల్లా రైతును తీసుకెళ్లి ప్లెయిన్స్‌లో దింపితే, మనుషులు కొత్తగా కనిపిస్తారేమో గానీ నేల కొత్తగా అనిపించదు. ఎర్రమట్టి, వేరుశనగ, వాన కోసం ఆకాశం వంక చూడటం. ఊరి జనాభా వెయ్యికి లోపే. ఒకే ఒక్క బజారు. అక్కడికి దగ్గర్లోని ఆర్చరీ అనే పల్లెలో, కరెంటు లేని ఇంట్లో కార్టర్ పెరిగారు. అయిదారేళ్ల వయసులోనే ఉడకబెట్టిన శనక్కాయలు పొట్లాలు కట్టి, ఊళ్లోకి నడిచివెళ్లి అమ్మేవాడు. చుట్టుపక్కల ఇళ్లన్నీ నల్లజాతి కూలీలవే. ఆడుకున్నదీ, పొలంలో పనిచేసిందీ వాళ్ల పిల్లలతోనే. బడికీ చర్చికీ వెళ్లేటప్పుడు మాత్రం దారులు వేరయ్యేవి.

ఆ ఇంట్లోనే రెండు పద్ధతులు ఉండేవి. తండ్రి ఎర్ల్ ఆ కాలపు దక్షిణాది భూస్వామి. తెల్లవాళ్లు, నల్లవాళ్లు వేరుగా ఉండాలన్న పద్ధతిని ఏనాడూ ప్రశ్నించలేదు. తల్లి లిలియన్ నర్సు. నల్లవాళ్ల ఇళ్లకు వెళ్లి వైద్యం చేసేది. ఉత్తరాదిన చదువుకున్న ఒక నల్లజాతి బిషప్పు కొడుకు వాళ్లింటికి వచ్చినప్పుడు పెరటి గుమ్మంలోంచి కాకుండా వీధి గుమ్మంలోంచే లోపలికి వచ్చేవాడు. లిలియన్ కూర్చోబెట్టి మాట్లాడేది. ఎర్ల్ ఆ సమయానికి ఇంట్లోంచి బయటికి వెళ్లిపోయేవాడు. కార్టర్ తన బాల్యం గురించి రాసుకున్న చోట ఈ సంగతి చెప్పారు. ఆయన తర్వాతి జీవితం మొత్తానికి బీజం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది.

పదకొండో ఏట ప్లెయిన్స్ బాప్టిస్టు చర్చిలో బాప్తిస్మం తీసుకున్నారు. పద్దెనిమిదేళ్లకు నౌకాదళ అకాడమీలో చేరారు. అక్కడే పిల్లలకు సండే స్కూలు చెప్పడం మొదలుపెట్టారు. జలాంతర్గాముల్లో పనిచేసినప్పుడూ ఆ అలవాటు పోలేదు. 1953లో తండ్రి చనిపోతే ఉద్యోగం వదిలి ఊరికి తిరిగి వచ్చేశారు. వచ్చాక మొదటి పంటకాలం కరవు. ఆ ఏడాదికి 200 డాలర్లు కూడా మిగల్లేదు. ప్రభుత్వం పేదలకు కట్టించిన ఇళ్లలో ఒకదాంట్లో అద్దెకున్నారు.

ఆ ఆరు ఓట్లు

1950ల చివర్లో ఊళ్లో 'వైట్ సిటిజన్స్ కౌన్సిల్' పెట్టారు. నల్లపిల్లల్ని తెల్లవాళ్ల బడుల్లోకి రానివ్వకూడదన్నది దాని పని. సభ్యత్వానికి 5 డాలర్లు. ఊళ్లో తెల్లజాతి మగవాళ్లందరూ చేరారు, కార్టర్ ఒక్కరే చేరలేదు. డబ్బు మేమే కడతామని ఇరుగుపొరుగు వచ్చి చెప్పారు. అయినా ఒప్పుకోలేదు. కొందరు ఆయన శనక్కాయల గోదాముకు రావడం మానేశారు. చిన్న ఊళ్లో గిరాకీ పోతే దాని అర్థమేమిటో దుకాణం నడిపినవాళ్లకు తెలుస్తుంది.

అంతకన్నా గట్టి పరీక్ష చర్చిలోనే ఎదురైంది. 1965లో ప్లెయిన్స్ బాప్టిస్టు సంఘంలో డీకన్లు, అంటే సంఘ వ్యవహారాలు చూసే పెద్దలు, ఒక తీర్మానం తెచ్చారు. నల్లవాళ్లనూ, పౌరహక్కుల ఉద్యమకారులనూ ఆరాధనకు లోపలికి రానివ్వకూడదని దాని సారాంశం. కార్టర్ లేచి వ్యతిరేకంగా మాట్లాడారు. ఓటింగు జరిగింది. తీర్మానానికి అనుకూలంగా 54, వ్యతిరేకంగా 6. ఆ ఆరింటిలో అయిదు కార్టర్ ఇంటివాళ్లవే. కూర్చున్నవాళ్లలో చాలామంది అసలు ఏ వైపూ ఓటు వెయ్యలేదు. తర్వాత కొందరు ఫోన్ చేసి, నువ్వు చెప్పింది నిజమే, మేము నోరు విప్పలేకపోయాం అన్నారని ఆయనే చెప్పుకున్నారు.

ఆ 54 మంది కంటే, ఓటు వెయ్యకుండా కూర్చున్నవాళ్లే నన్ను ఎక్కువ కలవరపెడతారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. రేపు పొద్దున్న అదే బజార్లో తిరగాలి, అదే కొట్లో అప్పు పెట్టాలి అనుకున్నవాళ్లు. ప్రతి ఊళ్లోనూ ఎక్కువమంది వాళ్లే.

కార్టర్ ఏ తప్పూ చేయని మనిషేమీ కాదు. 1966లో గవర్నరు పదవికి పోటీచేసి ఓడిపోయారు. ఆ కుంగుబాటులోంచే ఆయన విశ్వాసం కొత్తగా చిగురించింది. అదే మనిషి 1970లో మళ్లీ పోటీచేసినప్పుడు, జాతి వివక్షను సమర్థించేవాళ్ల ఓట్ల కోసం మాట మెత్తగా వాడారు. గెలిచాక, 1971 ప్రమాణ స్వీకారం రోజునే, వివక్షకు కాలం చెల్లిందని అందరి ముందూ ప్రకటించారు. ఆయన్ను తలుచుకునేవాళ్లు ఈ రెండింటినీ కలిపే చెప్పుకోవాలి.

ఎన్నికలకు రెండు రోజుల ముందు

1976 అక్టోబరు 31. అధ్యక్ష ఎన్నికలకు సరిగ్గా రెండు రోజులుంది. క్లెనన్ కింగ్ అనే నల్లజాతి పాస్టరు ప్లెయిన్స్ బాప్టిస్టు చర్చికి వచ్చి, తనకు సభ్యత్వం ఇవ్వమన్నారు. డీకన్లు ఆ ఆదివారం ఆరాధననే రద్దుచేసి తలుపులు మూసేశారు. ప్రపంచం నలుమూలల పత్రికలవాళ్లూ మూసిన ఆ తలుపుల ముందు నిలబడ్డారు.

కార్టర్ గెలిచారు. నవంబరు 14న సంఘం మళ్లీ సమావేశమైంది. కాబోయే అధ్యక్షుడు కూడా అందులో కూర్చుని మాట్లాడారు. ఈసారి తలుపులు అందరికీ తెరవాలన్న పక్షమే నెగ్గింది. కానీ ఆ పక్షాన నిలబడ్డ పాస్టరుగారు కొద్ది నెలల్లోనే కొలువు వదులుకోవాల్సి వచ్చింది. అప్పుడు కొంతమంది బయటికి వచ్చి 1977లో వేరే సంఘం పెట్టుకున్నారు. అదే మారనాతా. 1981లో అధ్యక్ష పదవి నుంచి ఇంటికి తిరిగి వచ్చిన కార్టర్, బాప్తిస్మం పొందిన పాత చర్చికి వెళ్లలేదు. మారనాతాలో చేరారు.

అమెరికాలో చీలిక, ఒంగోలులో ఫలితం (బాక్సు)

అమెరికా బాప్టిస్టులు 1845లో బానిసత్వం విషయంలోనే రెండుగా చీలారు. బానిసల యజమానులు మిషనరీలుగా వెళ్లొచ్చా అన్నది తగువు. దక్షిణాదివాళ్లు విడిపోయి 'సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్' పెట్టుకున్నారు. కార్టర్ పుట్టి పెరిగింది ఆ శాఖలో.

చీలిక తర్వాత తెలుగు నేల మీద పనిచేసింది ఉత్తరాది శాఖ. శామ్యూల్ డే చీలికకు ముందే, 1836లో వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. జాన్ క్లఫ్ 1866లో ఒంగోలు చేరారు. కాకినాడ వైపు 1874 నుంచి కెనడా బాప్టిస్టులు పనిచేశారు.

సంఘంలోకి ఎవరిని రానివ్వాలన్న చిక్కే ఒంగోలులోనూ వచ్చింది. మాదిగలు గుంపులుగా సంఘంలోకి రాసాగారు. వాళ్లను చేర్చుకుంటే మేం రామని పైకులాలవాళ్లు తేల్చిచెప్పారు. క్లఫ్ మాదిగల పక్షమే ఎంచుకున్నారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లకు బాప్తిస్మం ఇచ్చింది తెలుగు పాస్టర్లే.

గడ్డి కోసే వంతు

మారనాతా చిన్న సంఘం. జీతాలిచ్చి పనివాళ్లను పెట్టుకునే స్తోమత లేదు. అందుకని పనులన్నీ వంతులవారీగా పంచుకున్నారు. చర్చి ఆవరణలో గడ్డి కోసే వంతు కార్టర్‌కు ఉండేది. చర్చి మరుగుదొడ్లు కడిగే వంతు రోజలిన్‌కు ఉండేది. క్యాంప్ డేవిడ్‌లో ఈజిప్టు, ఇజ్రాయెల్ నాయకులను 13 రోజులు కూర్చోబెట్టి శాంతి ఒప్పందానికి ఒప్పించిన మనిషి, ఇంటికొచ్చి గడ్డికోత యంత్రం తోశాడు. వాళ్లకది ఫొటోల కోసం చేసే పని కాదు. ఏళ్ల తరబడి సాగింది.

కార్టర్‌కు వడ్రంగం వచ్చు. చర్చిలో వేలాడే చెక్క సిలువ ఆయన చేసిందే. కానుకల పళ్లాలూ ఆయన లేత్ మీద తిప్పి చేసినవే. అడుగున తన పేరులోని రెండు అక్షరాలు చెక్కారు.

ఆదివారం పాఠం చెప్పేముందు, వచ్చినవాళ్లలో పాస్టర్లెవరైనా ఉన్నారా అని అడిగి, వాళ్లలో ఒకరితో ప్రార్థన చేయించేవారు. తర్వాత ఆ వారం తాను చేసిన ప్రయాణాల గురించి కాసేపు చెప్పేవారు. అది ఉత్తర కొరియా కావచ్చు, సూడాన్ కావచ్చు. అక్కడినుంచి బైబిలు పాఠంలోకి వచ్చేవారు. మధ్యమధ్యలో ప్రశ్నలు వేసేవారు, జవాబు రాకపోతే ఊరుకునేవారు కాదు. పాఠం అయ్యాక ఆరాధనలో ఆయనా, రోజలినూ మిగతా సంఘస్థుల మధ్యే కూర్చునేవారు. చివర్లో బయట నిలబడి, వచ్చిన ప్రతి కుటుంబంతోనూ ఫొటో దిగేవారు. అట్లాంటా చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లకు ప్లెయిన్స్ రెండున్నర గంటల కారు ప్రయాణం. నమ్మకంతో పనిలేకుండా, ఆ మనిషిని ఒక్కసారి చూడాలని వచ్చే హిందువులు, ముస్లింలు, యూదులు ఆ వరుసల్లో ఉండేవారు. 

భార్య కూడా డీకనే

సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ 1998లో, భార్య భర్తకు లోబడి ఉండాలని తన విశ్వాస ప్రకటనలో చేర్చింది. 2000లో పాస్టరు పదవి పురుషులకే పరిమితమని రాసింది. ఆ ఏడాది అక్టోబరులోనే కార్టర్ ఆ కన్వెన్షన్‌తో తెగతెంపులు చేసుకుంటున్నట్టు ప్రకటించారు. అప్పటికి వయసు 76. పుట్టినప్పటి నుంచీ ఉన్న ఇల్లు అది. ఆ వయసులో ఎవరు బయటికి వస్తారు? సర్దుకుపోతారు. కార్టర్ సర్దుకుపోలేదు, అలాగని ఊళ్లోని సంఘాన్నీ వదల్లేదు. మారనాతాలో పనిలో ఆడా మగా తేడా పాటించలేదు. 2006లో రోజలిన్ అక్కడ డీకన్ అయ్యారు. 2019లో ఆ సంఘానికి మొదటిసారి ఒక నల్లజాతి పాస్టరు వచ్చారు.

రోజలిన్ గురించి ఇంకొక్క మాట. 1946 జులై 7న పెళ్లి. 2023 నవంబరు 19న ఆవిడ పోయేవరకు, అంటే 77 ఏళ్లు, కలిసి బతికారు. రాత్రిళ్లు ఇద్దరూ కలిసి బైబిలు చదువుకునేవారు. కొన్నేళ్లు స్పానిష్ నేర్చుకునేందుకు స్పానిష్ బైబిలే చదివారు. ఆవిడ అంత్యక్రియల ఆరాధన కూడా మారనాతాలోనే జరిగింది. అప్పటికే తొమ్మిది నెలలుగా ఇంటి మంచం మీదున్న కార్టర్‌ను చక్రాల కుర్చీలో తీసుకొచ్చి ముందు వరుసలో ఉంచారు.

నారికురుపు మీద పోరాటం (బాక్సు)

రాయలసీమ పెద్దవాళ్లను అడిగితే నారికురుపు అంటే ఏమిటో చెబుతారు. దిగుడుబావుల నీళ్లతో ఒంట్లోకి వెళ్లిన పురుగు, ఏడాదికి కాలి మీద పుండు చేసుకుని దారంలా బయటికి వచ్చేది. కొద్దికొద్దిగా పుల్లకు చుట్టి లాగాలి. మనిషి నెలల తరబడి పనికి పోలేడు.

1986లో కార్టర్ పెట్టిన సేవాసంస్థ కార్టర్ సెంటర్ దీని నిర్మూలనకు పూనుకున్నప్పుడు ప్రపంచంలో ఏటా సుమారు 35 లక్షల కేసులుండేవి. 2023లో 14. దీనికి మందు లేదు, టీకా లేదు. నీళ్లు వడకట్టడం, ఊరూరా తిరిగి చెప్పడం, ఇంతే. భారత్ సొంత కార్యక్రమంతో 2000లోనే దీన్నుంచి బయటపడింది. 2015లో క్యాన్సర్ సంగతి చెప్పిన ఆ సమావేశంలోనే కార్టర్, తనకంటే ముందు ఆఖరి నారిపురుగు పోవాలని ఉందన్నారు.

తల్లి వచ్చిన దేశం

లిలియన్ గురించి మనవాళ్లకు తక్కువ తెలుసు. 1966లో, 68 ఏళ్ల వయసులో, పీస్ కోర్ అనే అమెరికా ప్రభుత్వ సేవాసంస్థ వాలంటీరుగా ఆవిడ మన దేశానికి వచ్చింది. ముంబై శివారు విఖ్రోలిలో నర్సుగా పనిచేసింది. కుష్ఠు రోగులను మొదట్లో ముట్టుకోలేకపోయింది, తర్వాత ముట్టుకుంది. కొడుకు అధ్యక్షుడై 1978 జనవరిలో హర్యానాలోని ఒక పల్లె చూడ్డానికి వచ్చాడు. ఆ పల్లె పేరు ఇప్పుడు కార్టర్‌పురి. 2006లో ఎనభై దాటిన వయసులో సుత్తి పట్టుకుని లోనావలా దగ్గర పేదల ఇళ్లు కట్టడానికి మళ్లీ వచ్చారు.

ఆఖరి పాఠం

2019 అక్టోబరు మొదట్లో ఇంట్లో పడి నుదుటికి 14 కుట్లు పడ్డాయి. కన్ను నల్లగా కమిలి ఉండగానే నాష్‌విల్ వెళ్లి ఇళ్లు కట్టే పనిలో నిలబడ్డారు. అదే నెల 21న మళ్లీ పడి కటి ఎముక విరిగింది. నవంబరు 3న, రెండు వారాలు కూడా కాకుండానే, చర్చిలో కుర్చీలో కూర్చుని యోబు గ్రంథం నుంచి పాఠం చెప్పారు. మరణమంటే తనకు బెంగ లేదన్నారు. అది ఆయన చెప్పిన ఆఖరి సండే స్కూలు పాఠం.

ఆ తర్వాత మారనాతాకు బయటివాళ్లు రావడం తగ్గిపోయింది. ఆదివారానికి కొన్ని డజన్ల మంది. అధ్యక్షుడి కోసం వచ్చినవాళ్లు వెళ్లిపోయారు, సంఘం మిగిలింది. గడ్డి ఇప్పటికీ ఎవరో ఒకరు కొయ్యాలి.

మన తెలుగు పల్లెల్లోనూ అలాంటి సభ్యులున్నారు. ఆరాధనకు గంట ముందే వచ్చి చాపలు పరిచే అవ్వ, పాస్టరుగారు ఊళ్లో లేకపోతే ప్రార్థన నడిపించే పెద్దాయన. వాళ్ల పేర్లు శిలాఫలకాల మీద ఉండవు. అలాగే మన పల్లెల్లో మాలలకొక చర్చి, మాదిగలకొక చర్చి, చనిపోయాక కూడా వేర్వేరు శ్మశానాలు ఉన్న ఊళ్లూ ఉన్నాయి. గుండ్లకమ్మ ఒడ్డున అంతమంది ఒకే నీటిలో మునిగి నూట నలభై ఏళ్లు దాటాయి. ప్లెయిన్స్ సంఘం తలుపులు అందరికీ తెరవాలా వద్దా అని ఓటు పెట్టింది, మొదటిసారి ఓడిపోయింది, పదకొండేళ్లకు మళ్లీ పెట్టింది. సంఘ పెద్దలారా, మీ తర్వాతి సంఘ సమావేశంలో మొదటి అంశంగా ఆ విషయమే పెట్టండి. చెయ్యెత్తేవాళ్లు ఆరుగురే ఉన్నా సరే, పెట్టండి.